ఒకే లాటు గుర్రాలు

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా పరువు పోయిన కథ. పోవడం కూడా ఏ మూలనో గుట్టుగా పోలేదు. ఫంక్షన్ హాలు నిండా చుట్టాలు ఉండగా, పట్టపగలు, బ్యాండు మోగుతుండగా పోయింది. ఇందులో దొంగతనం లేదు, జూదం లేదు, తాగుడు అసలే లేదు. ఉన్నవల్లా మూడు పొట్టి గుర్రాలు, ఒక తోడల్లుడు, నా కడుపుమంట. చదివి హాయిగా నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి నాలుగేళ్ళు పట్టింది గానీ మీకు అంత వ్యవధి అక్కర్లేదు.

నాది వరంగల్‌లో బట్టల దుకాణం. తోడల్లుడి పేరు శ్రీను, మా ఆవిడ సుజాత చెల్లెలి భర్త. మావైపు సడ్డకుడంటాం. ఆ మాట పలికేటప్పుడు నా పళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి. మా మామగారు ఇద్దరు కూతుళ్ళకూ హసన్‌పర్తిలో పక్కపక్కనే రెండు జాగాలిచ్చారు, మధ్యలో ఒక గోడ. నా జాగాలో నేను బట్టల గోదాము కట్టాను. శ్రీను ఫంక్షన్ హాలు కట్టాడు. గోదాముకు ఎవరొస్తారు చెప్పండి? లారీలొస్తాయి. ఫంక్షన్ హాలుకు ఊరు ఊరంతా వస్తుంది. వచ్చినవాళ్ళంతా శ్రీను భుజం తట్టి, నా గోదాము గోడ పక్కన స్కూటర్లు పెట్టి వెళ్ళేవాళ్ళు.

అంతవరకూ ఓర్చుకున్నాను. ఒకరోజు శ్రీను ఒక పొట్టి గుర్రాన్ని కొన్నాడు. దాని పేరు రాజా. ముప్పై రెండు అంగుళాల ఎత్తు, అంటే నా నడుము దాటదు. గోధుమరంగు ఒంటి మీద పెద్ద పెద్ద తెల్ల మచ్చలు. పుట్టినరోజు ఫంక్షన్లలో దాని మెడలో పూలదండ వేసి నిలబెడితే పిల్లలు, పిల్లల తల్లులు, చివరికి క్యాటరింగ్ వాళ్ళు కూడా పక్కన నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు. మా అత్తగారైతే ఏ మాట మొదలుపెట్టినా రాజా దగ్గరే ఆపేది. వారం రోజులు ఉండి వెళ్దామని మా ఇంటికొచ్చింది. పాపం పెద్దావిడ కదా అని నేనే దగ్గరుండి వడ్డించాను.

"అత్తమ్మా, క్యారెట్ కూర ఎట్లున్నది?"

"మంచిగున్నది బిడ్డా. రాజా గూడ క్యారెట్ గిట్లనే తింటడు, ముద్దు ముద్దుగ."

"ఇంకింత పెట్టమంటరా?"

"వద్దు నాయనా. మిగిలితే రాజాకు పట్కపోత."

నా ఇంట్లో, నా చేత్తో వడ్డించిన కూర, నా సడ్డకుడి గుర్రానికి పార్సిల్ అయింది. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. సుజాత నా ముఖం చూసి పసిగట్టింది.

"మీకు గా గుర్రం మీద ఎందుకంత కోపం?"

"నాకెందుకే కోపం?"

"మరి మన చుట్టాల గ్రూపుల రాజా ఫోటో పెడితే, కింద ఏడ్పు బొమ్మ ఎందుకు పెట్టిన్రు?"

"వేలు తగిలింది."

"అయిదుసార్లా?"

దుకాణానికి వెళ్ళిపోయాను. వెళ్ళాను గానీ మనసంతా ఆ ముప్పై రెండు అంగుళాల మీదే ఉంది. వాడిది పొట్టి గుర్రమైతే నాది దానికంటే పొట్టిది కావాలి. ఒకటి కాదు, జోడీ కావాలి. వాటికి పుట్టే పిల్ల ఇంకా పొట్టిది కావాలి. అది ఎంత పొట్టిగా ఉండాలంటే, దాన్ని చంకలో పెట్టుకుని వాడి హాలులో నడుస్తుంటే శ్రీను మొహం మాడిపోవాలి. పెద్దవాడినయ్యే దారి చిన్నగుర్రంలో ఉందని నాకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. శ్రీను రాజాను కొనేటప్పుడు డాక్టర్ మాధవిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆమెకు హనుమకొండలో పశువుల క్లినిక్ ఉంది. కాళ్ళు చూశారట, పళ్ళు చూశారట, తల్లిదండ్రుల కాగితాలు చూశారట, వెంట్రుకలు పీకి పరీక్షకు పంపారట. ఆ పరీక్షలో పుట్టుకతో వచ్చే దోషాలేవీ లేవని తేలాకే కొన్నారు. సుజాత నాతో, "మీరు గూడ మాధవి మేడంను తీస్కపోరాదు?" అంది.

"ఆమె వాని డాక్టరు."

"ఆమె పశువుల డాక్టరు. వాని డాక్టరేంది?"

"నాకు కండ్లున్నయి. ఇరవై ఏండ్ల సంది సరుకు చూస్తాన. బట్టను ఇట్ల పట్టుకుంటె అట్ల చెప్త."

అలా బట్ట పట్టుకునే ధైర్యంతో గుర్రాలు కొనడానికి బయలుదేరాను. శ్రీను కొన్నచోటే కొంటే వాణ్ణి చూసి వాతపెట్టుకున్నట్టు ఉంటుందని, హైదరాబాద్ అవతల ఇంకో సేఠ్ పొట్టి గుర్రాలు పెంచుతున్నాడంటే అక్కడికి వెళ్ళాను. జేబులోంచి కొలత టేపు తీసి వరుసగా కొలవడం మొదలుపెట్టాను. సేఠ్ కాసేపు చూసి, "ఏం సార్, జాకెట్లు కుట్టిస్తరా?" అన్నాడు.

మల్లి అనే ఆడగుర్రం ముప్పై అంగుళాలుంది. నల్లగా నిగనిగలాడుతోంది. వచ్చీ రాగానే నా చొక్కా జేబులో మూతి పెట్టి బిల్లు పుస్తకం లాగేసింది. దాని మీద నాకు వెంటనే మనసు పడింది. ఆ తర్వాత, మూలన విడిగా కట్టేసి ఉన్న ఇంకో నల్లగుర్రం కనబడింది. పేరు చిట్టిబాబు. కొలిస్తే ఇరవై ఆరు అంగుళాలు! మీటరు గుడ్డ చింపి కప్పితే ఇంకా మిగులుతుంది. నుదురు ఉబ్బెత్తుగా ఉంది, కింది దవడ ముందుకొచ్చి ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంది, ముందుకాళ్ళు కొంచెం వంకరపోయి ఉన్నాయి. నాకు అవన్నీ ముద్దుగా కనిపించాయి.

"గిది కావాలె," అన్నాను.

"అది అమ్మేది కాదు సార్. పుట్టుడే తక్లీఫ్‌తోని పుట్టింది. పాపం అని పెట్టుకున్న."

మా దుకాణానికి ఒక రకం గిరాకీ వస్తుంది. వెయ్యి చీరలు పరిచినా చూడరు, షోకేసులో బొమ్మకు కట్టిన చీరే కావాలని కూర్చుంటారు. వాళ్ళను చూసి జీవితమంతా విసుక్కున్న నేను, ఆ రోజు అచ్చం అలాగే కూర్చున్నాను. చాయ్ రెండుసార్లు వచ్చింది. మూడోసారి సేఠ్ ఓడిపోయాడు.

"సరే తీస్కపోండి. మంచిగ చూస్కుంటె చాలు. గాని మల్లితోని కలపకుండ్రి. పిల్లల్ని చెయ్యాలనుకుంటె అస్సలొద్దు."

"ఎందుకు?"

"రెండిటి బాప్ ఒక్కడే సార్."

మీరైతే ఇక్కడ ఏమంటారు? అయ్యో అంటారు. నేనేమన్నానో చెప్పేముందు మా వ్యాపారంలో ఒక కిటుకు చెప్పాలి. బట్టకు రంగు ఒక్కో విడతలో ఒక్కోలా పడుతుంది. ఒక విడతను లాటు అంటాం. చీర ఒక లాటుది, జాకెట్ గుడ్డ ఇంకో లాటుది ఇచ్చామనుకోండి, దుకాణంలో ఒకటే రంగులా కనిపించి ఎండలోకి వెళ్ళగానే రెండు రంగులవుతాయి. గిరాకీ తిరిగొచ్చి మన రంగు మారుస్తుంది. అందుకని బట్టలవాడు జోడీ చూశాడంటే మొట్టమొదట అడిగేది, ఒకే లాటేనా అని. తండ్రి ఒక్కడే అని సేఠ్ అనగానే నా ముఖం వెలిగిపోయింది.

"అంటే ఒకే లాటు! గిదే గదా నాకు కావాల్సింది!"

"లాటంటే ఏంది సార్?"

"ఒక్కటే మాల్. తేడా రాదన్నట్టు."

"సార్, మనుషులల్ల గిట్ల చేస్తమా?"

"గుర్రాలకు గోత్రాలుంటయా సేఠ్?"

సేఠ్ లోపలికి వెళ్ళి ఒక కాగితం, పెన్ను తెచ్చాడు. తను వద్దన్నాడని, నేను వినలేదని నా చేతనే రాయించుకుని ఒక ప్రతి నాకిచ్చాడు. నేను దాన్ని గ్యారంటీ కార్డు దాచినట్టు భద్రంగా జేబులో పెట్టుకున్నాను.

గుర్రాలు గోదాము ఆవరణలో దిగాయి. ఇప్పుడు వాటిని శ్రీను చుట్టాలు చూడాలి. మధ్యలో గోడ ఉంటే ఎలా చూస్తారు? ఆ వారమే హాలులో మా అత్తగారి మరిది మనవరాలి పెళ్ళి. మేస్త్రీని పిలిచి, గోడకు మూడడుగుల వెడల్పున నేలదాకా సందు కొట్టించాను. అందులో ఇనుప గ్రిల్లు పెట్టిస్తే అందరూ గుర్రాలను చూస్తారని నా ఆలోచన. గ్రిల్లు చేసే అతను పెళ్ళి మర్నాడు తెస్తానన్నాడు. నేను ఆగగలనా? దుకాణం నుంచి ఎర్ర మఖమలు గుడ్డ తెచ్చి ఆ సందుకు పరదా కట్టాను. గుర్రాలున్న చోట గోడకు బదులు గుడ్డ కట్టేవాడు ప్రపంచంలో బట్టలవాడు ఒక్కడే ఉంటాడు.

పెళ్ళిలో నా పని అదే. ఎవరొచ్చినా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, పరదా పక్కకు జరిపి చిట్టిబాబును చూపించడం.

"ఇరవై ఆరు అంగుళాలు. రాజా ఎంత? ముప్పై రెండు. లెక్క మీరే చూసుకోండ్రి."

"అబ్బ, గింత పొట్టిదా!"

ఆ 'అబ్బ' కోసం నేను తలంబ్రాలు కూడా చూడలేదు. శ్రీను ఒకసారి వచ్చి తొంగిచూసి, "మంచిగున్నయన్నా. మాధవి మేడంకు చూపెట్టినవా?" అన్నాడు. వాడి గొంతులో అసూయ వినబడుతుందేమోనని చెవులు రిక్కించాను. వినబడలేదు. నాకు చాలా నిరుత్సాహం కలిగింది. చివరి పంక్తిలో భోజనానికి పిలిస్తే పరదా దించి వెళ్ళాను.

వారం తర్వాత రాజాను చూడటానికి వచ్చిన డాక్టర్ మాధవి గ్రిల్లులోంచి చిట్టిబాబును చూసి, అడగకుండానే మా వైపు వచ్చారు. వాడి నోరు తెరిచి చూశారు, కాళ్ళు తడిమి చూశారు. ముఖం గంభీరమైపోయింది.

"సార్, వీడు పొట్టిగ లేడు. వీనికి మరుగుజ్జుతనం ఉన్నది. పొట్టిగ ఉండుడు వేరు, పెరుగుదల ఆగిపోయే జబ్బు వేరు. జర వీణ్ణి, మల్లిని వేరువేరుగ పెట్టండి. ఇద్దరి వెంట్రుకలు ఇయ్యండి, పరీక్షకు పంపిస్త."

నేను నవ్వాను. "శ్రీను పంపిండా మేడం?"

"శ్రీనుకు దీంతోని ఏం పని?"

"నాకు తెలుసు. వానికన్నా పొట్టి పిల్ల నాకు పుడితే వాడు తట్టుకోలేడు. వెంట్రుకలే కావాలంటె నావి తీసుకోండి. ఉన్నవే తక్కువ, అయినా ఇస్త."

ఆమె నా నెత్తివైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కొన్ని నెలలకు మల్లి కడుపు నిండుగా కనబడసాగింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. దుకాణం ముందు ఫ్లెక్సీ కట్టించాను: 'త్వరలో! ప్రపంచంలోనే అతి చిన్న గుర్రం పిల్ల! మన వరంగల్‌లో!' కింద మల్లి ఫోటో, చిట్టిబాబు ఫోటో, వాటికి నాలుగింతలు పెద్దగా చేతులు జోడించిన నా ఫోటో. దారిన పోయేవాళ్ళు నేను ఎన్నికల్లో నిలబడ్డాననుకున్నారు.

"సగం మంది అడుగుతాన్రు, పుట్టేది మీకా, గుర్రానికా అని," అంది సుజాత.

ఏడో నెల దాటాక చిట్టిబాబు తిండి మానేశాడు. నోట్లో పెట్టిన గడ్డి పెట్టినట్టే జారి పడిపోతోంది. రెండు రోజులు చూసి, మూడోరోజు వాణ్ణి ఆటోలో ఎక్కించుకుని హనుమకొండ వెళ్ళాము. వెనక సీటులో నేను, సుజాత, మధ్యలో చిట్టిబాబు. వాడు తల బయటపెట్టి దారిపొడవునా పళ్ళు బయటపెట్టుకుని వచ్చాడు. అందరూ చెయ్యి ఊపుతుంటే నాకు ఆ స్థితిలో కూడా కాస్త గర్వంగానే ఉంది.

డాక్టర్ మాధవి పాత సంగతి ఎత్తలేదు. వాడి పళ్ళు సరిచేసి, నొప్పికి మందిచ్చి, "కింది దవడ, పై దవడ కలుస్తలేవు. వీనికి జన్మంత ఈ తిప్పలు ఉంటది. మెత్తటి దాణా నానబెట్టి పెట్టాలె," అన్నారు. తర్వాత నెమ్మదిగా, "మల్లి, వీడు చుట్టాలా సార్?" అని అడిగారు.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. సుజాత తన సంచిలోంచి కాగితం తీసింది. సేఠ్ రాయించుకున్న కాగితం! మొన్ననే బీరువాలో నా చొక్కాల కింద దొరికిందట. డాక్టర్ పైకే చదివారు. "'తండ్రి ఒక్కడే అని సేఠ్ చెప్పినా, వద్దన్నా వినకుండ, కావాలనే కొన్నాను.' గీ చేతిరాత ఎవలది?"

"ఈయనదే," అంది సుజాత. "మా ఆడబిడ్డ పెండ్లికి మూడు సంబంధాలు ఒక్కటే గోత్రమని ఎనక్కి కొట్టిండు మేడం. ఒక సంబంధమైతె అమ్మమ్మ దిక్కు చుట్టరికం తగుల్తదేమోనని డోర్నకల్ దాక పోయి ఇచారం చేసొచ్చిండు. గుర్రాల కాడికొచ్చెవరకు అన్నాచెల్లెళ్ళకు పెండ్లి చేసిండు."

ఆ రోజు రెండు గుర్రాల వెంట్రుకలూ పరీక్షకు వెళ్ళాయి. ఫలితం వచ్చాక డాక్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. ఈ దోషం రక్తంలో దాక్కుని ఉంటుందట. తల్లి వైపు నుంచి గానీ తండ్రి వైపు నుంచి గానీ ఒక్కవైపు నుంచే వస్తే పైకి ఏమీ కనబడదు. రెండు వైపుల నుంచీ వస్తే పిల్ల మరుగుజ్జు అవుతుంది. చిట్టిబాబుకు రెండు వైపులా ఉంది. మల్లిలో ఒకవైపుది దాక్కుని ఉంది. వీళ్ళిద్దరికీ పిల్ల పుడితే ఆ జబ్బుతో పుట్టడానికి సగానికి సగం అవకాశం ఉంది.

"పుడితే వీనిలెక్కనే నొప్పులతోని బతకాలె సార్. లేకుంటే పుట్టుడే కష్టమైతది. తల పెద్దగుంటది, కాళ్ళు వంకరుంటయి, కడుపుల అడ్డం తిరుగుతది. గప్పుడు మల్లికి గూడ పానం మీదికొస్తది. ముందే పరీక్ష చేపిస్తే, దోషం లేని మొగగుర్రాన్ని చూసి కలుపుకునేటోళ్ళం. గిదేమంత పెద్ద పని కాకుండె."

ఇంటికి రాగానే మల్లి నా దగ్గరకొచ్చి మామూలుగానే జేబులో మూతి పెట్టింది. దానికి నా మీద ఎంత నమ్మకమో చూడండి. తన అన్నతోనే సంబంధం కలిపిన మనిషి జేబులో బెల్లం ముక్క వెతుక్కుంటోంది. నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్తున్నాను, దాని మెడ పట్టుకుని గట్టిగానే ఏడ్చాను. అయితే సిగ్గు విడిచి ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ ఏడుపు మధ్యలో కూడా, ఇది శ్రీనుకు తెలిస్తే ఎట్లా అనే ఆలోచన ఒకటి వచ్చి పోయింది. అసూయ అంత మొండిది. ఫ్లెక్సీ సుజాతే విప్పించింది.

ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. డాక్టర్ వారానికోసారి వచ్చేవారు. నేను దుకాణంలో చీర పరుస్తూ కూడా మల్లి గురించే ఆలోచించేవాణ్ణి. నాకు ఇప్పుడు అతి చిన్న పిల్ల అక్కర్లేదు. ఎంత ఎత్తున్నా పర్వాలేదు, మల్లి బతికి ఉంటే చాలని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను.

పదకొండో నెలలో ఒక ఉదయం మల్లి పడుకోవడం, లేవడం, మళ్ళీ పడుకోవడం మొదలుపెట్టింది. ఒళ్ళంతా చెమట. డాక్టర్‌కు ఫోన్ చేస్తే తీయడం లేదు. గోడ అవతల హాలులో బ్యాండు మోగుతోంది. శ్రీను వైపు చుట్టాలెవరిదో నిశ్చితార్థం. నేను పరుగెత్తుకెళ్ళాను. పట్టుపంచెలో అతిథులకు గంధం పూస్తున్న శ్రీను దగ్గరకెళ్ళి, జీవితంలో మొదటిసారి వాణ్ణి ఒక సాయం అడిగాను.

"తమ్మీ, మల్లి నొప్పులు పడ్తాంది. మేడం ఫోన్ ఎత్తుతలేదు. నాకు భయమైతాంది."

వాడు గంధం గిన్నె అక్కడే పెట్టేశాడు. "మేడం ఈడనే ఉన్నది అన్నా. పెండ్లికొడుకోళ్ళకు చుట్టం. బ్యాండు సప్పుడుకు ఫోన్ ఇనవడి ఉండది. నువ్వు ఉరుకు, నేను పిల్సుకొస్త."

డాక్టర్ మాధవి పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని వచ్చారు. శ్రీను పంచె ఎగగట్టి మల్లి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నిశ్చితార్థానికి వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరే ఇటు వచ్చేశారు. మా అత్తగారు ముందు వరుసలో ఉంది. జనం ఎటు పోతే అటు పోవడం అలవాటైన బ్యాండు మేళం కూడా వచ్చేసింది, కాకపోతే భక్తిగా నెమ్మదిగా వాయిస్తోంది. నేను గోడకు ముఖం పెట్టి నిలబడ్డాను.

"అన్నా, ఇటు తిరుగు," అన్నాడు శ్రీను. "కాళ్ళు సక్కగున్నయి."

తిరిగి చూశాను. గడ్డి మీద తడితడిగా ఒక ఆడపిల్ల. డాక్టర్ దాని దవడ చూశారు, నుదురు చూశారు, కాళ్ళు నాలుగూ చూశారు. "ఏ దోషం కనవడ్తలేదు. బంగారం లెక్కున్నది," అన్నారు. మల్లి లేచి పిల్లను నాకడం మొదలుపెట్టింది. నేను మళ్ళీ ఏడ్చాను. ఈసారి శ్రీను భుజం మీద ఏడ్చాను. పదిహేనేళ్ళలో ఆ భుజాన్ని నేను తాకడం అదే మొదలు.

కథ ఇక్కడ ఆగి ఉంటే నా పరువు నాకు ఉండేది. సుజాత పిల్లను గుడ్డతో తుడిచింది. తడి ఆరేకొద్దీ దాని రంగు బయటపడింది. గోధుమరంగు ఒళ్ళు, దాని మీద పెద్ద పెద్ద తెల్ల మచ్చలు.

బ్యాండు ఆగిపోయింది. మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, "గీ మచ్చలు యాడనో సూసిన బిడ్డా," అంది. అందరి తలలూ ఒక్కసారి గ్రిల్లు వైపు తిరిగాయి. గ్రిల్లు అవతల రాజా నిలబడి, ఏమీ ఎరగనట్టు క్యారెట్ నములుతున్నాడు.

"అట్లెట్లయితది?" అన్నాను నేను. "మధ్యల గోడున్నది. గ్రిల్లున్నది!"

డాక్టర్ మాధవి తల అడ్డంగా ఊపారు. "ఇసుంటి మచ్చలు తల్లికో తండ్రికో ఉంటేనే పిల్లకు వస్తయి సార్. మల్లి నలుపు, చిట్టిబాబు నలుపు. వీళ్ళిద్దరికి ఇది పుట్టదు. నాకైతే మస్తు సంతోషమున్నది. రాజా పరీక్ష మంచిగున్నది, ఇగ ఈ పిల్లకు మరుగుజ్జుతనం రాదు."

"కాని ఎట్ల, మేడం? ఎప్పుడు?"

అప్పుడు జనంలోంచి వీడియోలు తీసే సతీష్ గొంతు సవరించుకున్నాడు. శ్రీను హాలులో ప్రతి పెళ్ళికీ డ్రోన్ ఎగరేసేది అతనే. "ఏమనుకోవద్దన్నా. పోయినసారి మీ చుట్టాల పెండ్లిల, అందరు బువ్వ తినేటప్పుడు పైకెల్లి తీసిన షాటొకటున్నది. మర్యాదగుండదని పెండ్లి వీడియోల పెట్టలేదు."

"జర సూపెట్టు," అంది మా అత్తగారు.

అందరం హాలులోకి నడిచాం. అక్కడ గోడంత ఎల్‌ఈడీ తెర ఉంది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు చిన్ననాటి ఫోటోలు తిరుగుతున్న ఆ తెర మీద నా గోదాము ప్రత్యక్షమైంది. ఎర్ర మఖమలు పరదా స్పష్టంగా కనబడుతోంది. అది కిందినుంచి కొంచెం కదిలింది. రాజా తల వచ్చింది. తర్వాత పెళ్ళికొడుకు ఊరేగింపులో వచ్చినంత దర్జాగా, పరదా పక్కకు తోసుకుని మొత్తం రాజా వచ్చాడు. మెడలో పూలదండ కూడా ఉంది. మల్లి ఎదురెళ్ళింది. చిట్టిబాబు ఒక మూలన నిలబడి ఎటో చూస్తున్నాడు. సతీష్ అక్కడితో ఆపేశాడు గానీ, చూడాల్సింది అందరూ చూసేశారు. ఆ దారి కొట్టించింది నేను. దానికి మఖమలు కట్టింది నేను. లోపలికి దయచేయమన్నట్టు పరదా దించి భోజనానికి వెళ్ళింది కూడా నేనే. హాలంతా నవ్వింది. బ్యాండువాళ్ళు ఎవరూ అడగకుండానే పెళ్ళిపాట అందుకున్నారు.

శ్రీను నన్ను ఎగతాళి చేస్తాడని ఎదురుచూశాను. చేసినా బాగుండేది. వాడు పంచె సరిచేసుకుని, కుర్చీ తెప్పించుకుని, మెల్లగా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"అన్నా, ఇయ్యాల్టి సంది మనం సడ్డకులం కాదు. వియ్యంకులం. నాది మొగపిల్లగాని దిక్కు."

మా అత్తగారు వెంటనే పసుపుకుంకుమల పళ్ళెం అందుకుంది. "అయితే పెద్దల్లుడూ, నీది ఆడపిల్ల దిక్కు. పెండ్లికొడుకోళ్ళకు కాళ్ళకు నీళ్ళియ్యాలె. బట్టలు పెట్టాలె. అలిగితే బతిమాలాలె."

అప్పటినుంచి చిట్టిబాబుకు ఇక పిల్లలు పుట్టకుండా చిన్న ఆపరేషన్ చేయించి, నానబెట్టిన దాణా తినిపిస్తూ హాయిగా ఉంచాం. పిల్ల వెంట్రుకలు కూడా పరీక్షకు పంపాం. మల్లిలో దాక్కున్నది దీనిలోనూ దాక్కుని ఉందని తేలింది. పైకి ఏమీ లేదు, కానీ రేపు దీనికి సంబంధం చూసేటప్పుడు ఆ కాగితం ముందు పెట్టి, దోషం లేని వరుణ్ణే వెతకాలి. అంతవరకూ మంచిదే. కానీ ప్రతి పండక్కీ వియ్యంకుడి హోదాలో శ్రీను నా దుకాణానికొచ్చి పరుపు మీద మధ్యలో కూర్చుంటాడు. నేను వందల చొక్కా గుడ్డలు విప్పి పరుస్తాను. వాడు ఒక్కోటీ వేళ్ళతో నలిపి చూసి, పెదవి విరిచి, "ఇంకో షేడ్ చూపెట్టు బావా," అంటాడు. నేను చూపెడతాను. ఆడపిల్లవాణ్ణి, ఏం చేస్తాను?

కాబట్టి సమస్త బంధుమిత్రుల సాక్షిగా, నా దుకాణం గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాలుగు కాళ్ళున్నది ఏది నా గడపలోకి వచ్చినా, దాని తల్లిదండ్రులెవరో, రక్తంలో ఏముందో కాగితాల మీద చూడకుండా లోపలికి రానివ్వను. మొన్న మంచం కొనడానికి వెళ్ళి కూడా ముందు అదే అడిగాను.